వెనక సీట్లోంచి జూబిన్ మెహతా

జూబిన్ మెహతా వీపు నాకు పాతికేళ్ళుగా తెలుసు. టీవీలో ఆయన కచేరీ ఎప్పుడు వచ్చినా ఎక్కువసేపు కనపడేది నల్లకోటు వేసుకున్న ఆ వీపే. మధ్యమధ్య కెమెరా అటు తిరిగినప్పుడు ముఖం ఒక్క క్షణం, అంతలోనే మళ్ళీ వయొలిన్లు. జనానికి వీపు చూపించి చప్పట్లు కొట్టించుకునే కళాకారుడు ప్రపంచం మొత్తమ్మీద ఈ ఒక్క ఆర్కెస్ట్రా కండక్టరే అని మా ఆయన జోకు. ఆయన ఘంటసాల మనిషి. పాడని వాడు, వాయించని వాడు, కర్రపుల్ల ఒకటి పట్టుకుని గాల్లో ఊపేవాడు గొప్ప సంగీతకారుడంటే ఆయనకి ఏ కోశానా ఎక్కదు.

నాకు ఎక్కడానికి కారణం బొంబాయి. బ్యాంకులో ప్రమోషన్ మీద 1992లో నన్ను అక్కడికి వేశారు. ఫోర్ట్ ఏరియాలో బ్రాంచి. నెలకోసారి పెన్షన్ కోసం వచ్చే ఒక పార్సీ పెద్దావిడ ఉండేది. నేను చిన్నప్పుడు రాజమండ్రిలో నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్నానని మాటల్లో చెప్పానో లేదో, మరుసటి నెల పాస్‌బుక్కుతో పాటు ఒక క్యాసెట్ పట్టుకొచ్చింది. "మా వాడు, విను" అంది గర్వంగా. లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్, కండక్టర్ జూబిన్ మెహతా. హోల్స్ట్ అనే ఇంగ్లీషాయన గ్రహాల మీద కట్టిన సంగీతం. మన నవగ్రహ కృతులు తెలిసినదాన్ని కదా, సరే చూద్దాం అని వంట చేసుకుంటూ పెట్టాను. కుజుడు మొదలయ్యేసరికి పోపు మాడిపోయింది.

తరవాత కాలాఘోడాలో రిదమ్ హౌస్ అని పెద్ద క్యాసెట్ల షాపు ఉండేది (2016లో మూసేశారు పాపం), జీతం రాగానే అక్కడికి వెళ్ళి ఆయన పేరున్న క్యాసెట్ ఒకటి కొనుక్కోవడం అలవాటైంది. సంగీతంలో లోతులు తెలిసి కాదు. మన ఊళ్ళో పుట్టినవాడు అక్కడివాళ్ళ ఇంటికి వెళ్ళి వాళ్ళ వంటే వాళ్ళకి వండిపెట్టి మెప్పించాడన్న సంబరం. 1936లో బొంబాయిలో పుట్టాడు. తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు, కొడుకు పుట్టడానికి ముందు ఏడాదే బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టాడు. మన ఇళ్ళల్లోలాగే కుర్రాణ్ణి డాక్టర్ని చేద్దామనుకున్నారు. వాడు చదువు మధ్యలో వదిలేసి, పద్దెనిమిదేళ్ళకి, 1954లో, వియన్నా వెళ్ళిపోయాడు. అక్కడ హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర శిష్యరికం. పెద్ద పెద్ద కండక్టర్ల రిహార్సళ్ళకి బయటివాళ్ళని రానిచ్చేవారు కాదట. దాంతో తనూ, క్లాసులో స్నేహితుడు క్లాడియో అబ్బాడో (ఆయనా తరవాత మహా కండక్టర్ అయ్యాడు) కలిసి కోరస్‌లో చేరిపోయారు. పాడటం కోసం కాదు, ఎదురుగా నిలబడి కండక్టర్ ముఖం చూడొచ్చని. ఈ కబురు నేనెక్కడో చదివి, నవ్వుకుని మర్చిపోయాను. ఎన్నో ఏళ్ళ తరవాత మళ్ళీ గుర్తొచ్చింది. అక్కడికే వస్తున్నాను.

1994లో ఆయన ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌ని వెంటపెట్టుకుని బొంబాయి వచ్చినప్పుడు నాకు టికెట్ దొరకలేదు. ఆ తరవాత హైదరాబాద్ ట్రాన్స్‌ఫరు, పిల్ల చదువు, అత్తగారి మంచం, రిటైర్‌మెంటు. క్యాసెట్లు సీడీలయ్యాయి, సీడీలు ఫోన్లోకి వెళ్ళిపోయాయి. మనిషిని మాత్రం ఎదురుగా చూడలేదు.

కోవిడ్ రాకముందు మాట. లాస్ ఏంజెలెస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకి వెళ్ళాం. అది పురిటి డ్యూటీ కాదు, మనవరాలు అప్పటికే స్కూలుకెళ్తోంది, కాబట్టి కాస్త ఊపిరి తీసుకునే తీరిక ఉంది. ఒక రోజు అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని, "అమ్మా, మీ పార్సీ ఆయన వస్తున్నాడు. బ్రామ్స్ అట. బుక్ చెయ్యనా?" అంది. ఆయన ఆ ఆర్కెస్ట్రాకి 1962 నుంచి 1978 దాకా మ్యూజిక్ డైరెక్టరు. చేరేటప్పటికి ఇరవయ్యారేళ్ళ కుర్రాడు. ఇప్పుడు ఎనభై దాటి, పెద్ద జబ్బు చేసి లేచి, పాత ఇంటికి అతిథిగా వస్తున్నాడు.

బుక్ చెయ్యమని వెంటనే అనలేకపోయాను. కారణం నా చెవులు.

అరవై దాటాక మొదలైంది. ముందు దోమ మోత పోయింది, దానికి నేనేమీ బాధపడలేదు. తరవాత పక్కగదిలో ఫోను. ఆ తరవాత మనవరాలి మాటల్లో 'స', 'శ', 'ఫ' లాంటి అక్షరాలు గాల్లో కలిసిపోవడం. హైదరాబాద్‌లో పరీక్ష చేయించుకుంటే ఒక గీత గీసి చూపించారు. ఎడమవైపు కింది స్థాయి శబ్దాలు, కుడివైపు పైస్థాయివి. నా గీత వెయ్యి హెర్ట్జ్ దాకా తిన్నగా నడిచి, అక్కడినుంచి జారుడుబల్లలా దిగి, 4,000 దగ్గర పాతాళానికి చేరింది. వయసు మీద వచ్చే చెవుడు చాలామందికి ఇలాగే వస్తుంది, పైనుంచి. అంటే మృదంగం ఎడమవైపు నిక్షేపంగా వినపడుతుంది. వయొలిన్ స్వరం వినపడుతుంది కానీ దాని మెరుపు వినపడదు. వయొలిన్ మీద పైతీగ వదిలేసి వాయిస్తే 659 హెర్ట్జ్, అది నాకు అందుతుంది. కానీ ఆ స్వరానికి వయొలిన్ అనే గుణం ఇచ్చేది దానిమీద పొరలు పొరలుగా లేచే అనుస్వరాలు, అవి పదివేలు కూడా దాటతాయి. అవి పోతే మిగిలేది పట్టుచీర అంచు కత్తిరించేసినట్టుంటుంది.

హియరింగ్ ఎయిడ్ పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టుకున్నాను, పెట్టుకుంటాను, మాటలకి అది దేవుడిచ్చిన వరం. కానీ దాన్ని తయారు చేసిందే మాటల కోసం. పెద్ద శబ్దం వస్తే నొక్కేస్తుంది, చిన్న శబ్దం వస్తే లేపుతుంది. సంగీతంలో ఆ రెంటికీ ఉన్న తేడాయే కదా సగం అందం! పైగా ఫ్లూటు మీద ఒక స్వరాన్ని నిలిపి ఊదితే, ఇదేదో నా సొంత కూత కాబోలనుకుని దాన్ని అణచడానికి చూస్తుంది, స్వరం కాస్తా వణికిపోతుంది. దానిలో మ్యూజిక్ ప్రోగ్రామ్ అని ఒకటి పెట్టించుకున్నాను. కొంత నయం, అంతే.

ఇంట్లో ఫోన్లో పాట వింటూ బాగా లేదనిపిస్తే ఆపేయొచ్చు. పాతికేళ్ళు మోజుపడ్డ మనిషి ఎదురుగా కూర్చుని, ఆయన సంగీతం నాకు రేకు డబ్బాలో గులకరాళ్ళలా వినపడితే? అప్పుడింక ఆ పాత క్యాసెట్ల జ్ఞాపకం కూడా చెడిపోతుందేమోనని నా భయం. ఈ మాట అమ్మాయితో అనలేదు. మా ఆయనతో అన్నాను. ఆయన పేపరు మీంచి తల ఎత్తకుండానే, "వెళ్ళకపోతే మాత్రం చెవులు బాగవుతాయా?" అన్నారు. ముప్ఫయ్యెనిమిదేళ్ళ కాపురంలో ఆయన చెప్పిన పనికొచ్చే మాటల్లో ఇదొకటి.

టికెట్లు చూస్తే మంచి సీట్లన్నీ అయిపోయాయి, ఉన్నవి మా అమ్మాయి జేబుకి బరువు. ఆర్కెస్ట్రా వెనక బెంచీలు మాత్రం చవగ్గా దొరికాయి. పాశ్చాత్యుల హాళ్ళలో కొన్నిటికి ఈ ఏర్పాటు ఉంటుంది. కోరస్ ఉన్న రోజు పాడేవాళ్ళు అక్కడ కూర్చుంటారు, లేని రోజు ఆ బెంచీలు అమ్మేస్తారు. వాద్యకారుల వీపులు మనకి, కండక్టర్ ముఖం మనకి. "వెనక సీట్లేమిటమ్మా, ఇంకో రోజు చూద్దాం" అంది అమ్మాయి. నాకు వియన్నాలో కోరస్‌లో దూరిన ఆ ఇద్దరు కుర్రాళ్ళు గుర్తొచ్చారు. "అవే తియ్యి" అన్నాను.

ఆ హాలు పేరు వాల్ట్ డిస్నీ కన్సర్ట్ హాల్. మిక్కీ మౌస్ డిస్నీయే. ఆయన పోయాక భార్య లిలియన్ 1987లో ఐదు కోట్ల డాలర్లు ఇచ్చి మొదలుపెట్టించింది, పూర్తయ్యేసరికి 2003 అయింది. ఆవిడ అప్పటికి లేదు. ఫ్రాంక్ గేరీ కట్టిన బిల్డింగు, బయటంతా స్టీలు రేకులు గాలికి ఎగిరే చీర కుచ్చిళ్ళలా ఉంటాయి. కొత్తలో కొన్ని రేకులు ఎండని ఎదుటి ఫ్లాట్ల మీదకి కొట్టి ఇళ్ళు కాల్చేస్తుంటే, తరవాత వాటిని అరగదీసి మెరుపు తగ్గించారట. లోపలంతా చెక్క. చెక్క గోడలు, చెక్క కప్పు, వీణ బుర్రలోకి దూరినట్టుంటుంది. మా బెంచీల వెనకే ఆ ప్రసిద్ధమైన పైప్ ఆర్గన్, 6,134 గొట్టాలు, కొన్ని అటూ ఇటూ పడిపోతున్నట్టు వంకరగా. ఊళ్ళో వాళ్ళు దాన్ని ఫ్రెంచ్ ఫ్రైస్ అంటారు. మా ఆయన అయితే మొక్కజొన్న చేలో తుఫాను అన్నారు.

బెంచీలకి చేతులుండవు. ముందుకి వంగితే కింద డోలుల్లాంటి టింపనీలు నాలుగు, వాటి పక్కన ట్రాంబోన్లు, ఇంకాస్త అవతల ఫ్రెంచ్ హార్నులు. వాళ్ళ స్టాండ్ల మీద కాగితాల్లో పెన్సిలు గీతలు కూడా కనపడుతున్నాయి.

ఆయన వచ్చారు. పక్కతలుపు తీసి, చేతికర్ర పట్టుకుని, ఒక్కో అడుగూ. తలుపునుంచి మధ్యలో పోడియం దాకా ఎంత దూరమని, ఓ పాతిక అడుగులు ఉంటుందేమో. ఆ పాతిక అడుగులూ హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉంది. ఆయన తొందరపడలేదు. ఫోటోల్లో చూసిన ఆ సినిమా హీరో లాంటి మనిషి, మెడ ఎగరేసి నిలబడే మనిషి, ఒక ముసలి తాతగారు. పోడియం మీద కుర్చీ వేసి ఉంది. కూర్చుని కర్ర పక్కన పెట్టి, చిన్న కర్ర చేతిలోకి తీసుకున్నారు. మా ఆయన నా చెవిలో, "పెద్ద కర్ర నడవడానికి, చిన్న కర్ర నడిపించడానికి" అన్నారు. అది కూడా హియరింగ్ ఎయిడ్‌లో గట్టిగా మోగింది.

మొదటి సగంలో సోలో వాద్యంతో ఒక కన్సర్టో. దాని గురించి ఎక్కువ చెప్పను. వెనక సీట్లలో సోలో సరిగా అందదు, అది ఆ సీట్లకున్న లోపం. పైగా నేను భయపడ్డట్టే జరిగింది. టింపనీ మోగినప్పుడల్లా ఎయిడ్ ఠక్కున నొక్కేస్తోంది, దాంతో వయొలిన్లన్నీ ఒక్క క్షణం మాయమై మళ్ళీ వస్తున్నాయి, కరెంటు ఓల్టేజీ పడిపోయినప్పుడు బల్బులా. ఫ్లూటు నా చెవి దగ్గరకొచ్చేసరికి కోడిపిల్ల. విరామంలో కాఫీ తాగుతూ అమ్మాయి "ఎలా ఉందమ్మా?" అంటే, "హాలు చాలా బావుందే" అన్నాను.

రెండో సగం బ్రామ్స్ మొదటి సింఫనీ. బీతోవెన్ తరవాత సింఫనీ రాయడమంటే వెనకనుంచి ఒక మహాకాయుడి అడుగుల చప్పుడు వింటూ నడవడమని బ్రామ్స్‌కి దడ. మొదలుపెట్టి, చించి, పక్కనపెట్టి, చివరికి 1876లో పూర్తిచేశాడు, అప్పటికి నలభైమూడేళ్ళు. మెహతాగారికీ దీనికీ ఒక సంబంధం ఉంది. కుర్రాడిగా వియన్నాలో దిగిన కొత్తలో, కార్ల్ బోమ్ కండక్ట్ చేయగా వియన్నా ఫిల్హార్మోనిక్ వాయించడం విన్నాడు, ఆ వాయించింది ఇదే. అంతదాకా బొంబాయిలో నాన్నగారి గ్రామఫోను రికార్డులే ఎరిగిన పిల్లాడికి ఆ మోత ఎలా ఉండి ఉంటుందో!

ఆయన కుర్చీలో సర్దుకుంటుండగా నేను రెండు చెవుల్లోంచీ ఎయిడ్లు తీసి బ్యాగులో, అగ్గిపెట్టెంత డబ్బాలో పెట్టేశాను. మా ఆయన చూసి ఏదో అన్నారు. వినపడలేదు.

ఆ సింఫనీ టింపనీతో మొదలవుతుంది. ఒకే స్వరం, గుండె కొట్టుకున్నట్టు, ఆపకుండా. పైన వయొలిన్లు ఎక్కుతుంటాయి, గాలి వాద్యాలు దిగుతుంటాయి, కింద ఈ దెబ్బ మాత్రం కదలదు. నాకు పది అడుగుల దూరంలో ఆ దెబ్బ. చెవితో విన్నానని చెప్పలేను. బెంచీలోంచి, అరికాళ్ళలోంచి వచ్చింది. ఏ యంత్రమూ దాన్ని నొక్కలేదు. ఎన్నాళ్ళకి పూర్తి శబ్దం!

అప్పుడు తలెత్తి ఆయన్ని చూశాను. మీరు ఎప్పుడైనా ఆ అవకాశం వస్తే తప్పక వెనకే కూర్చోండి. ముందు కూర్చున్నవాళ్ళకి చేతులు కనపడతాయి. కుడిచేత్తో తాళం, ఎడమచేత్తో భావం అని పుస్తకాల్లో రాస్తారు. కానీ ఆ వయసులో ఆయన చేతులు ఎంతో కదల్లేదు. మణికట్టు దగ్గర చిన్న విరుపు, అంతే. మిగిలిన పనంతా కళ్ళు, కనుబొమలు చేస్తున్నాయి. కండక్టర్ శబ్దంతో పాటు ఉండకూడదు, దానికి ఒక ఊపిరి ముందుండాలి. ఆయన ఊపిరి పీల్చుకుంటే ఎనభై తొంభై మంది పీల్చుకుంటారు, ఆ పీల్చినదే తరవాత స్వరం అవుతుంది. కాబట్టి నాకు వినపడకపోయినా రాబోయేదేమిటో ఆయన ముఖంలో ముందే తెలిసిపోతోంది. గడ్డం ఒక్కసారి కుడివైపుకి తిరిగిందా, చెల్లోలు లేస్తాయి. కళ్ళు సగం మూసి పెదవి బిగించాడా, అందరూ ఒక్కసారిగా తగ్గిపోతారు. మన కచేరీలో మృదంగ విద్వాంసుడు గాయకుడి పెదాలకేసి చూస్తూ కూర్చోడూ, అలా చూశాను నేను.

ఆయన లేకపోతే వాళ్ళు వాయించలేరా అని మా ఆయన అడిగే ప్రశ్న న్యాయమైనదే. వాయించగలరు. మాస్కోలో 1922లో కండక్టర్ లేని ఆర్కెస్ట్రా ఒకటి పెట్టి పదేళ్ళు నడిపారు, న్యూయార్కులో ఆర్ఫియస్ వాళ్ళు 1972 నుంచీ అలాగే వాయిస్తున్నారు. తాళం పట్టుకోవడానికి ఆయన అక్కర్లేదు. మరి దేనికంటే, నా అభిప్రాయం చెబుతాను: వాయించేవాడికి తన పక్కవాళ్ళే వినపడతారు, మొత్తం ఎలా ఉందో వినే చెవి ఒకటి అందరికీ ఎదురుగా కూర్చోవాలి. ఆ సాయంత్రం అక్కడ కూర్చున్నది అరవై ఏళ్ళకి పైగా విన్న చెవి.

రెండో భాగం నెమ్మది. దాని చివర వయొలిన్ సోలో ఉంది. ఆర్కెస్ట్రా నాయకుడు ఒక్కడూ పైపైకి వాయిస్తాడు. ఆ క్యాసెట్ అరిగిపోయేలా విన్నది నేను ఈ ఒక్క చోటు కోసమే. బొంబాయి లోకల్ ట్రైన్లో నిలబడి, వాక్‌మన్‌లో. అది దగ్గరపడుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. నాయకుడు కూర్చున్నది అవతలి అంచున, మాకు చాలా దూరం. బో కదులుతోంది. వేళ్ళు కదులుతున్నాయి. నాకు వినపడింది ఉన్నట్టూ లేనట్టూ ఒక దారప్పోగు.

అయితే బ్రామ్స్ ఒక పని చేసి పెట్టాడు. ఆ వయొలిన్ వాయించే పాటనే, అదే సమయానికి, కింది స్థాయిలో ఒక హార్న్‌తో కూడా వాయించమన్నాడు. క్యాసెట్లో వయొలిన్ వెనక అది నాకు నీడలా ఉండేది, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఫ్రెంచ్ హార్న్ నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. ముందు కూర్చున్న రెండువేల మందికీ అది గోడకి తగిలి వెళ్తుంది. తిన్నగా వచ్చేది వెనక బెంచీలవాళ్ళకే. దాని స్వరం నా గీతలో ఇంకా తిన్నగా ఉన్న చోటే ఉంది. మెత్తగా, నిండుగా, ఒక్క పొర కూడా ఊడకుండా వచ్చింది. కళ్ళు వయొలిన్ మీద, చెవి హార్న్‌లో. బో పైకి వెళ్తే స్వరం పైకి వెళ్తోంది. కాసేపటికి ఏది ఎక్కడినుంచి వస్తోందో తెలియలేదు. మెహతాగారు ఆ పది క్షణాలూ చెయ్యి దాదాపు ఆపేశారు. తల కొంచెం వాల్చి, మా ఇంట్లో మా అత్తగారు హరికథ వినేటప్పుడు కూర్చున్నట్టు, వింటూ కూర్చున్నారు.

మా ఆయన తన జేబురుమాలు నాకిచ్చారు. నాకు అవసరమని ఎలా తెలిసిందో.

చివరి భాగంలో ఆల్ప్స్ కొండల్లో గొల్లవాళ్ళు ఊదే కొమ్ము పాటని హార్న్‌లు ఎత్తుకుంటాయి. 1868లో బ్రామ్స్ ఆ పాటని క్లారా షూమన్‌కి పుట్టినరోజు శుభాకాంక్షగా కార్డు మీద రాసి పంపాడు, ఎనిమిదేళ్ళ తరవాత తెచ్చి ఇక్కడ పెట్టాడు. దాని వెనకే ట్రాంబోన్లు ప్రార్థనలా నెమ్మదిగా మోగుతాయి. ఈ ట్రాంబోన్ల వాళ్ళని చూసి నాకు భలే జాలేసింది. మొదటి మూడు భాగాల్లో వాళ్ళకి ఒక్క స్వరం లేదు. అరగంటకి పైగా ముగ్గురూ చేతులు కట్టుకుని, పెళ్ళిలో రెండో బంతి కోసం ఆగినవాళ్ళలా కూర్చున్నారు. వాళ్ళ వంతు రాబోతుండగా మెహతాగారు అటు చూసి చిన్నగా కనుబొమ ఎత్తారు. ఆ చూపు వాళ్ళ భుజాల మీంచి మా దాకా వచ్చింది.

అయ్యాక చప్పట్లు ఎంతసేపో. ఆయన లేచి, కర్ర ఊతంగా నిలబడి, ముందు హాలుకి దణ్ణం పెట్టి, తరవాత నెమ్మదిగా ఇటు తిరిగి మా వెనక బెంచీలవాళ్ళకి కూడా తలవంచారు. హార్న్ వాయించినామెని లేవమన్నప్పుడు నేను అందరికన్నా గట్టిగా కొట్టాను.

కిందకి దిగి పార్కింగులో కారెక్కాక ఎయిడ్లు మళ్ళీ పెట్టుకున్నాను. అమ్మాయి సీటుబెల్టు పెట్టుకుంటూ అద్దంలోంచి నన్ను చూసింది.

"అవి తీసేశావటగా, నాన్న చెప్పారు. మరి ఏమైనా వినపడిందా అమ్మా?"

"హారన్లు వినపడ్డాయే."

"ఆ ట్రాఫిక్‌లో ఎవరికైనా వినపడతాయి" అన్నారు మా ఆయన.